నేను కోసేసిన నాలుగు సెకన్లు

ఆ రోజు కైకలూరులో ఐస్ ఫ్యాక్టరీ పక్కనున్న చేపల వర్తకుల హాల్లో ఉన్నవి ఇవి: కంప్యూటర్లు నాలుగు, వాటిలో పనిచేసేవి మూడు. హెడ్‌ఫోన్లు నాలుగు జతలు. యూపీఎస్ ఒకటి. నీళ్ళు పోసి నడిపే కూలర్ ఒకటి. 'కంప్యూటర్ ద్వారా నవీన శాస్త్రీయ సంగీత పరిచయం' అని రాసిన బ్యానర్ ఒకటి. ప్లాస్టిక్ కుర్చీలు నూట ఇరవై. మజ్జిగ క్యాను ఒకటి, దానికి కూపన్ల కట్ట ఒకటి.

ఉన్నవాళ్ళు: ఆ సంగీతం రాసిన మాస్టారు, వయసు డెబ్బై ఒకటి. ఏలూరులో సంగీత సభ నడిపే కార్యదర్శి గారు. తాడేపల్లిగూడెంలో మల్టీమీడియా షాపు పెట్టిన మా ఓనరు. ఆయన దగ్గర పనిచేసే నేను. పదిన్నరకి శ్రోతలు ఇద్దరు. ఇద్దరూ కూలర్‌కి ఎదురుగా కూర్చున్నారు.

ఆ ఉద్యోగం నుంచి నేను రిటైరయ్యానని చెప్పుకోవడం కుదరదు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. నేనుండగానే ఉద్యోగం రిటైరయింది. ఫ్లాపీలు పోతూ, పెన్‌డ్రైవులు ఇంకా మా ఊళ్ళకు రాని ఆ నాలుగైదేళ్ళలో 'ఇంటరాక్టివ్ మల్టీమీడియా సీడీ' అనే వస్తువు ఒకటి ఉండేది. ఇప్పుడు మీరు ఫోనులో వేలితో తోసి చూసేదాన్నే మేము సీడీలో పెట్టి మౌసుతో నొక్కించేవాళ్ళం. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన తమ్ముళ్ళు కొందరు, మీ రోజుల్లో తప్పులు ఎలా పట్టుకునేవారని అడుగుతుంటారు. నా తప్పు పట్టుకున్న ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన అంతకు ముందు మౌసు ముట్టుకోలేదు.

మా షాపు ఒక ఎరువుల కొట్టు మేడ మీద ఉండేది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి అందులో చేరాను. అప్పుడు చేసిన పనుల జాబితా నా దగ్గర ఇంకా ఉంది: పెళ్ళి ఆల్బం సీడీలు, ఒక రైసుమిల్లు యంత్రాల సీడీ, పెంటపాడు రైతుల కోసం వరి తెగుళ్ళ బొమ్మల సీడీ, రొయ్యల మేత అమ్మేవాళ్ళకి ఒక సీడీ. ఆ చివరిదే మా గర్వకారణం. అందులో ఏ బటన్ నొక్కినా రొయ్య నీళ్ళలోంచి ఎగిరి మళ్ళీ పడిన చప్పుడు వచ్చేది.

మా ఓనరు పెళ్ళి వీడియోలు తీసి పైకొచ్చిన మనిషి. నాకు నేర్పిన సూత్రం ఒక్కటే. "ఖాళీ కనపడిందా, కోసెయ్. ఖాళీ చూడ్డానికి ఎవడూ రాడబ్బాయ్." పురోహితుడు తరవాతి మంత్రం కోసం వెతుక్కునే చోటు, పెళ్ళికూతురు తండ్రి ఎవరినో చూసి పలకరించాలా వద్దా అని ఆగిన చోటు, అన్నీ కోసేవాణ్ణి. నా చేతిలో పడిన పెళ్ళిళ్ళలో ఎవరూ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

ఇక మాస్టారి సంగతి. ఏలూరులో ముప్ఫై ఏళ్ళకు పైగా వయొలిన్ నేర్పారు. రిటైరయ్యాక నాలుగేళ్ళు కూర్చుని ఒక కొత్త రచన చేశారు. మాటలు లేవు, దేవుడి పేరు లేదు. వయొలిన్, వీణ, మృదంగం, ఘటం కలిసి ఇరవై నాలుగు నిమిషాలు. తాళం పదమూడు అక్షరాలది, అంటే పదమూడు లెక్కలకి ఒక చుట్టు. అదీ ఆయన సొంతంగా కూర్చుకున్నదే. వయొలిన్ ఆయన, తక్కిన మూడూ శిష్యులు. సభ పెద్దలు ఒకసారి పిలిచి విన్నారు. సగంలో ఒకాయన, "బానే ఉందండి మాస్టారూ, పాట ఎప్పుడు మొదలవుద్దండీ?" అని అడిగారట.

కార్యదర్శి గారిది సిమెంటు వ్యాపారం. హైదరాబాదులో ఏదో ప్రదర్శనకి వెళ్ళి, తెర మీద బొమ్మ నొక్కితే కబుర్లు చెప్పే కంప్యూటరు చూసి వచ్చారు. జనానికి కొత్త సంగీతం అర్థంకాకపోవడానికి కారణం కంప్యూటరు లేకపోవడమేనని ఆయనకి నమ్మకం కుదిరింది. కమిటీ చేత ఒక తీర్మానం చేయించారు. మూడు ఊళ్ళలో కంప్యూటర్లు పెట్టి వినిపించాలి. మొత్తం మీద యాభైమంది మొదటినుంచి చివరిదాకా వింటే, ఆ ఏటి సభ ఉత్సవాల్లో మొదటిరోజు సాయంత్రం మాస్టారి రచన వేదిక మీద ఉంటుంది. లేకపోతే లేదు.

మాస్టారికి ఆ ఏడాదే కావాలి. వీణ వాయించే శిష్యురాలిది బ్యాంకు ఉద్యోగం, వేసవి దాటితే బదిలీ ఖాయం. ఆ నలుగురూ మళ్ళీ ఒకచోట కూర్చోవడం కలలో మాట. ఈ విషయం ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. శిష్యురాలు చెబితే మాకు తెలిసింది.

సీడీ నేను చేశాను. అప్పటి కంప్యూటర్లు ఇరవై నాలుగు నిమిషాల ఫైలు ఒకేసారి మింగలేక ఆగిపోయేవి. అందుకని రచన ఎక్కడ భాగం మారుతుందో చూసి ఆరు ముక్కలు చేశాను. తెర మీద ఒక చక్రం, దాని చుట్టూ పదమూడు దీపాలు. అక్షరానికి ఒక దీపం వెలిగేది. ఒక ముక్క అయిపోగానే తరవాతి పేజీ దానంతటదే వచ్చి, మళ్ళీ ఒకటో దీపంతో మొదలయ్యేది. కింద బటన్లు రెండే: 'వెనక్కి', 'చాలు'. 'వెనక్కి' ఒకసారి నొక్కితే సంగీతం ముప్పావు నిమిషం వెనక్కి వెళ్ళేది.

శబ్దాన్ని తెర మీద చూస్తే ముళ్ళకంచెలా ఉంటుంది. నిశ్శబ్దం గీత గీసినట్టుంటుంది. మొదటి ఐదు ముక్కల చివరా అలాంటి గీత కనపడింది, సుమారు ముప్పాతిక సెకను పొడవున. వాయించేవాళ్ళు ఊపిరి తీసుకున్నారనుకున్నాను. ఐదూ కోసేశాను. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నది ఇది: 'ముక్కలు ఆరు. అతుకులు ఐదు. ఖాళీలు తీసేశాను. నున్నగా ఉంది.'

మాస్టారు చూడ్డానికి వచ్చారు. హెడ్‌ఫోన్లు పెట్టి, మొదలుపెట్టే బటన్ ఆయన చేతే నొక్కించాను. నేను మార్చడం మర్చిపోయిన రొయ్య ఆయన చెవుల్లో దూకింది. ఆయన హెడ్‌ఫోన్లు తీసి మెల్లగా బల్ల మీద పెట్టారు.

"మీరు మంచి పని చేస్తున్నారు నాయనా. నా సంగీతం నాకు తెలుసు కదా, నేను వినక్కర్లేదులే."

రొయ్యని ఆ రాత్రే తీసేశాను. ఆయన మాత్రం మళ్ళీ వినలేదు.

మొదట ఏలూరు. ఎవరు ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కారో ప్రోగ్రాం ఒక ఫైల్లో రాసుకునేది. చివరిదాకా విన్నవాళ్ళకి తెర మీద కూపన్ నంబరు వస్తుంది, దానికి ఇడ్లీ ప్లేటు ఇస్తారు. ఈ ఆలోచన కార్యదర్శి గారిది. ఏలూరులో ముప్ఫై ఒక్కమంది పూర్తిగా విన్నారు. ఒకాయన రెండుసార్లు విందామని వచ్చారు గానీ మేము ఒప్పుకోలేదు. తాడేపల్లిగూడెంలో పద్నాలుగు. అక్కడ ఇచ్చింది బిస్కెట్లే.

ముప్ఫై ఒకటీ పద్నాలుగూ నలభై ఐదు. కైకలూరులో ఐదుగురు చాలు. కార్యదర్శి గారు లడ్డూల డబ్బా ఏలూరునుంచే తెచ్చుకున్నారు.

మధ్యాహ్నం పన్నెండుకి నలుగురు పూర్తయ్యారు: కూలర్ ముందు కూర్చున్న ఇద్దరు, ఐస్ ఫ్యాక్టరీ గుమాస్తా, చివరి పది నిమిషాలు నిద్రపోయిన మేత కొట్టు యజమాని. నిద్రపోతే ఎలా లెక్కపెట్టాలో తీర్మానంలో లేదు. లెక్కపెట్టాం.

అప్పుడొచ్చాడాయన. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మోకాళ్ళదాకా ఎండిన బురద. కొల్లేటికోట మనిషి, కైకలూరు అవతల ఒక రొయ్యల చెరువు చూసుకుంటున్నాడు. ఐస్ కోసం వ్యాను తెచ్చాడు, కరెంటు పోయి దిమ్మలు గట్టిపడలేదు, గంట ఆగమన్నారు. గుమ్మంలో నిలబడి హెడ్‌ఫోన్లు చూశాడు.

"చెవి పరీక్షాండీ?"

"ఒక రకంగా అదేనండి, రండి రండి," అన్నారు కార్యదర్శి గారు.

కూర్చోబెట్టాను. మౌసు పట్టుకోవడం నేర్పాను. బొటనవేలికి బురద అంటుకుని ఉందని లుంగీకి తుడుచుకుని మరీ పట్టుకున్నాడు. మొదలైంది. నేను పక్క కంప్యూటర్లో బటన్ల లెక్క చూస్తున్నాను. నాలుగు నిమిషాలదాకా ఏమీ లేదు. తరవాత 'వెనక్కి'. మళ్ళీ 'వెనక్కి'. ఒకే చోట ఏడుసార్లు.

మౌసు చెడిపోయిందనుకున్నాను. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడే జబ్బు ఆ కాలపు మౌసులకి ఉండేది. లేచి వెళ్ళి మౌసు మార్చాను. ఆయన చెవి మీద ఒక పక్క హెడ్‌ఫోన్ జరిపి నా వైపు చూశాడు.

"దానికేం రోగం లేదండి. నేనే నొక్కుతున్నా."

"ఎందుకండీ?"

"ఇక్కడ ఒకటి పోయిందండి."

"ఏం పోయింది?"

"అదేంటో నాకు తెలీదండి. అన్నీ తిరిగి తిరిగి వస్తన్నాయి కదా, ఏది ఎప్పుడు రావాలో అప్పుడే వస్తంది. ఇక్కడ మాత్రం ముందే వచ్చేసింది. మధ్యలో ఒకటి ఆగాలి. ఆగలా."

"మీకు సంగీతం వచ్చాండీ?"

"నాకా!" అని నవ్వాడు. "మా చెరువు మీద ఎనిమిది ఏరేటర్లున్నాయండి. నీళ్ళలో తిరిగి గాలి కలుపుతాయే, ఆ చక్రాలు. గుడిసెలో పడుకునే వింటా ఉంటాను. ఎనిమిదిట్లో ఒకటి తేడా కొడితే పరిగెత్తాల. మీరు చెప్పండి, లేచి చూద్దాంలే అనుకుంటే రొయ్యంతా పైకి తేలిపోద్ది. చూసేది కాదండి, వినేదే."

మళ్ళీ హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు. రెండో అతుకు దగ్గర 'వెనక్కి' ఆరుసార్లు. మూడోదాని దగ్గర ఐదు. నాలుగు, ఐదు అతుకుల దగ్గర రెండేసి, అలవాటుపడిపోయినట్టు. ఇరవై నాలుగు నిమిషాల రచనకి నలభై ఒక్క నిమిషాలు పట్టింది. చివరికి తెర మీద కూపన్ నంబరు వచ్చింది: యాభై. కార్యదర్శి గారు లడ్డూల డబ్బా తాడు విప్పారు. మా ఓనరు చప్పట్లు కొట్టారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నారు.

నేను అసలు రికార్డింగు తెరిచి చూస్తున్నాను. తరవాత సీడీ పెట్టి దీపాలు లెక్కపెట్టాను. ప్రతి ముక్క చివరా పన్నెండో దీపం వెలిగి, పదమూడోది వెలక్కుండా పేజీ మారిపోతోంది. ఐదు చోట్లా అంతే. ఇది నేను షాపులో ఉండగానే చూశాను. కంప్యూటరు నెమ్మదిగా ఉంది కాబోలనుకున్నాను. మనకు తెలియనిదాన్ని కంప్యూటరు నెమ్మదితనం మీదికి తోసెయ్యడం మా వృత్తిలో అప్పట్నుంచీ ఉన్నదే. ఇప్పుడు నెట్‌వర్క్ మీదికి తోస్తున్నారట.

ఓనరు చెవిలో చెప్పాను. ఆయన లడ్డూ నములుతూ తెర వైపు చూశారు.

"ఎంత పోయింది?"

"అన్నీ కలిపి నాలుగు సెకన్లండి."

"నాలుగు సెకన్లకి నలుగురిలో పరువు తీస్తావా? ఊరుకోవయ్యా. ఐస్ ఎక్కించుకుని ఆయన పోతాడు. ఇంకెవరికి తెలుసు?"

నిజమే. ఇంకెవరికీ తెలియదు. పదినిమిషాలపాటు వైర్లు చుట్టాను. ఒకే వైరు మూడుసార్లు చుట్టి విప్పాక, మాస్టారి దగ్గరికి వెళ్ళాను. అది ధైర్యమని నేను ఎక్కడా రాసుకోలేదు. ఆ మనిషి బయట అరుగు మీదే కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. ఆయనే ముందు చెప్పేస్తాడేమోనన్న భయం కూడా ఉంది.

"మాస్టారూ, ప్రతి భాగం చివరా ఖాళీ ఉంటే కోసేశానండి."

"ఎన్ని?"

"ఐదండి."

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"అది ఖాళీ కాదు నాయనా. భాగం చివరి చుట్టులో పదమూడో అక్షరం. అక్కడ నలుగురం కలిసి ఊరుకోవాలి. దానికోసం మూడు నెలలు సాధన చేశాం. వాయించడం కంటే కలిసి ఊరుకోవడం కష్టం." తరవాత అడిగారు: "నీకెలా తెలిసింది?"

అరుగు వైపు చూపించాను.

కార్యదర్శి గారు మధ్యలో కల్పించుకున్నారు. వ్యాపారస్తుడు, ఆయన వాదన గట్టిది. ఇన్నేళ్ళ తరవాత కూడా అందులో తప్పు కనపడదు.

"మాస్టారూ, ఒక్క మాటండి. వేదిక మీద వాయించేది మీరు. మీరు సరిగ్గానే వాయిస్తారు. సీడీలో ఐదు తగ్గితే ఏంటండీ? కావలసింది యాభైమంది, యాభైమందీ అయ్యారు. ఉత్సవం మనదే."

"యాభైమంది విన్నారంటారు."

"లెక్క ఉందండి. కంప్యూటరు లెక్క."

"నలభై తొమ్మిదిమందికి ఐదుసార్లు తాళం తప్పినా తెలీలేదు. మరి విన్నారనడానికి ఆధారమేంటండీ?"

కార్యదర్శి గారు నా వైపు చూశారు. కంప్యూటర్లో దానికి బటన్ లేదు.

మాస్టారు అరుగు మీదికి వెళ్ళి ఆ చెరువు మనిషి పక్కనే కూర్చున్నారు.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?"

"ఏంటండీ?"

"వినడం."

"దానికి నేర్పేవోళ్ళు కూడా ఉంటారాండీ? ఒకసారి రొయ్య పోతే చెరువు ఓనరు నేర్పుతాడండి, బాగా వస్తది." అని, గ్లాసు పక్కన పెట్టి, మాస్టారి మొహం చూసి గొంతు తగ్గించాడు. "నేనేమన్నా తప్పుగా అన్నానాండీ? పాట బావుందండి. పోయినచోటే మనసు ఆగలేదు."

"ఏదీ పోకుండా వాయిస్తే వింటారా?"

"ఇప్పుడా? ఐస్ వచ్చేసిందండి, కరిగిపోద్ది." వ్యాను వైపు చూసి, మళ్ళీ మాస్టారి వైపు తిరిగాడు. "మీరు మా చెరువుకి రండి. ఆదివారం పన్నెండింటికి. ఎండ బాగా కాసేటప్పుడు నీళ్ళలో గాలికి లోటుండదు, ఏరేటర్లు ఆపుకోవచ్చు. అరగంట ఆపుతాను. అంతకంటే ఆపలేను, ముందే చెప్తున్నా."

మాస్టారు లోపలికి వచ్చి సభవారి రిజిస్టరు అడిగి తీసుకున్నారు. 'పూర్తిగా విన్నవారు' అన్న చోట కార్యదర్శి గారు రాసిన యాభైని కొట్టేసి, ఒకటి అని అక్షరాలతో రాసి సంతకం పెట్టారు. కమిటీ ఆ కాగితాన్ని తీర్మానం ప్రకారమే తీసుకుంది. ఆ ఏటి ఉత్సవాల్లో మొదటిరోజు సాయంత్రం పాత సినిమా పాటల ఆర్కెస్ట్రా పెట్టారు. హాలు నిండిందని విన్నాను. వీణ శిష్యురాలికి బదిలీ ఉత్తర్వు ఆ వారంలోనే వచ్చేసింది, అనుకున్నదానికంటే ముందే.

అందుకని ఆ ఆదివారం మాత్రం ఎవరూ తప్పించుకోలేదు. కైకలూరునుంచి గట్టు మీద వ్యానులో వెళ్ళాం. ఘటం ఒక శిష్యుడి ఒళ్ళో, వీణ ముగ్గురి ఒళ్ళో. చెరువు పక్క రేకుల షెడ్డులో మేత బస్తాలు సర్ది వేదిక చేసి ఉంచాడు చెరువు మనిషి, పైన కడిగిన టార్పాలిన్ పరిచాడు. మేతవాసనకి మాస్టారు ఒకసారి దగ్గారు. చెరువు మనిషి ఏరేటర్ల స్టార్టర్ల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటే ఆపాడు, ఎనిమిదీ. ఆఖరిది ఆగాక చాలాసేపు చెవులు గుయ్‌మన్నాయి. ఎక్కడో అవతలి చెరువు మీద ఒక ఇంజను, నీటికాకులు.

వాయించారు. ఎండకి వీణ శ్రుతి రెండుసార్లు దిగింది. ఒక భాగంలో మృదంగం కాస్త పరిగెత్తింది. కార్యదర్శి గారు అలవాటుగా కూపన్ల కట్ట తెచ్చారు, అది ఆయన జేబులోనే ఉండిపోయింది. మొదటి భాగం చివర నలుగురూ ఒక్కసారి ఆగారు. మళ్ళీ అందుకున్నాక మా ఓనరు నా వైపు వంగి, "ఇందాక మర్చిపోయారా?" అన్నారు.

చెరువు మనిషి వేలెత్తి ఆయన్ని ఆపాడు. "ఉండండి. మళ్ళీ వస్తది."

వచ్చింది.

ఏరేటర్లు ఆగివున్నది ఇరవై తొమ్మిది నిమిషాలు. రొయ్యలకి ఏమీ కాలేదు. శ్రోతలు: చెరువు మనిషి, ఆయన భార్య, చెరువు పనివాళ్ళు నలుగురు, కార్యదర్శి గారు, మా ఓనరు, నేను. తొమ్మిదిమంది. ఖాళీలు ఐదు.